అలబామా చూడటానికి వస్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

అట్లాంటా నుంచి బీచికి బయలుదేరిన మనవాళ్లలో చాలామంది అలబామాలో ఆగేది గ్యాస్ కొట్టించుకోవడానికే. హంట్స్‌విల్‌లో ఉద్యోగం వచ్చినవాళ్లు, ఆబర్న్‌లో పిల్లల్ని చేర్చినవాళ్లు, వేసవిలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఎక్కడ తిప్పాలో తోచనివాళ్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. కొన్నింటికి జవాబు పొడుగైంది, కొన్నింటికి రెండు ముక్కలు చాలు అనిపించింది.

అసలు అలబామాలో చూడ్డానికి ఏముందండీ?

నయాగరా లాంటిది లేదు, డిస్నీ లేదు. ఆ లెక్కన చూస్తే నిరాశే. ఉత్తరాన రాకెట్లు, గుహలు. నడుమ ఇనుము, పౌరహక్కుల చరిత్ర. దక్షిణాన వేరుశనగ చేలు, ఆ కింద సముద్రం. 1819 డిసెంబర్ 14న అమెరికాలో 22వ రాష్ట్రంగా చేరింది. నాకు నచ్చింది ఏమిటంటే, ఈ రాష్ట్రంలో గొప్పలు చెప్పే మ్యూజియంల పక్కనే తప్పులు ఒప్పుకునే మ్యూజియంలూ ఉన్నాయి.  రెండూ చూస్తేనే అలబామా చూసినట్టు.

పత్తి పురుగుకు విగ్రహం కట్టారట. నిజమా, వాట్సాప్ కథా?

నిజమే. ఎంటర్‌ప్రైజ్ అనే ఊళ్లో, నడివీధిలో, నాలుగు రోడ్ల కూడలిలో ఉంది. గ్రీకు శిల్పంలా తెల్లటి దుస్తుల్లో ఒక స్త్రీ రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంటుంది. ఆ చేతుల్లో ఒక పీఠం, పీఠం మీద నల్లటి ముక్కుపురుగు. దేవతను మోసినంత భక్తిగా మోస్తోంది.

కథ ఇదీ. మెక్సికో నుంచి 1890ల్లో టెక్సాస్‌లోకి వచ్చిన ఈ ముక్కుపురుగు ఏటా కొంత తూర్పుకు జరుగుతూ 1915 నాటికి ఈ ఊరి పొలాల్లోకి దిగింది. ఆడపురుగు తన పొడుగాటి ముక్కుతో పత్తి మొగ్గకు చిల్లు పెట్టి అందులో గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు లోపలే ఉండి మొగ్గను తినేస్తుంది. మొగ్గ రాలిపోతుంది, ఇక కాయ అనేదే ఉండదు. మన వరంగల్, గుంటూరు రైతుల్ని ఏడిపించే గులాబీ రంగు పురుగు వేరు. అది కాయలోకి దూరి గింజను తింటుంది. ఈ ముక్కుపురుగు ఇండియాకు రాలేదు, అదొక్కటే మన అదృష్టం.

కౌలు రైతులు పత్తినే చూపించి అప్పు తెచ్చుకునే రోజులవి. పంట పోతే దుకాణాలూ బ్యాంకులూ కూడా పోతాయి. 1916లో ఆ ఊరి వ్యాపారి ఒకాయన వేరుశనగ విత్తనం తెప్పించి, అప్పుల్లో కూరుకుపోయిన ఒక రైతుతో వేయించాడు. పంట పండింది. అది చూసి పక్క పొలాలవాళ్లూ విత్తనం కోసం ఎగబడ్డారు. మరుసటి ఏడుకల్లా ఆ కౌంటీ (మన జిల్లా లాంటిది) దేశంలోనే వేరుశనగకు పెట్టింది పేరైంది. పత్తి తప్ప వేరే దారి లేదన్న మొండితనాన్ని వదిలించింది పురుగే కాబట్టి 1919 డిసెంబర్ 11న ఊరివాళ్లు దానికి కృతజ్ఞతగా విగ్రహం పెట్టారు. ఫలకం మీద ఆ మాట రాసి కూడా ఉంది. తమాషా ఏమిటంటే మొదట్లో విగ్రహం చేతుల్లో పురుగు లేదు, 1949లో చేర్చారు. ఆ తర్వాత దాన్ని దొంగలు ఎన్నిసార్లు ఎత్తుకెళ్లారో! 1998లో విగ్రహాన్నే పాడుచేశారు. ఇప్పుడు కూడలిలో ఉన్నది నకలు, అసలుది ఊరి మ్యూజియంలో భద్రంగా ఉంది.

దీనికోసమే మూడు గంటలు కారు నడపాలా అంటే, మామూలువాళ్లకు అక్కర్లేదు. ఇంట్లో పత్తి పండించిన పెద్దవాళ్లు ఉంటే మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి.

అంటే అక్కడ మన పల్లీలు దొరుకుతాయా?

దొరకడమేమిటి, దక్షిణ అలబామాలో రోడ్డు పక్కన గంగాళాల్లో ఉడుకుతూ కనిపిస్తాయి. అప్పుడే పీకిన పచ్చి కాయల్ని ఉప్పునీళ్లలో గంటల తరబడి ఉడకబెట్టి, నీళ్లు కారుతుండగానే సంచిలో పోసి ఇస్తారు. మనకంటే ఉప్పు ఎక్కువ వేస్తారు, గింజ మరీ మెత్తబడేదాకా ఉడికిస్తారు. అమెరికాలో మా అత్తగారికి వంక పెట్టకుండా నచ్చిన తిండి ఇదొక్కటే. డోథన్ ఊళ్లో ఏటా నవంబర్‌లో వేరుశనగ జాతర జరుగుతుంది, 1938 నుంచి.

ఆ తొలి జాతరకు అతిథిగా వచ్చినవాడు జార్జ్ వాషింగ్టన్ కార్వర్. బానిసగా పుట్టి శాస్త్రవేత్త అయిన మనిషి. 1896లో టస్కీగీ విద్యాసంస్థకు వచ్చి 1943లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఏటా పత్తే వేసి సారం చచ్చిన నేలలో వేరుశనగ, చిలగడదుంప వేయండని రైతులకు చెప్పాడు. పండించినదాన్ని ఏం చేసుకోవాలో తెలియకపోతే ఎవరు వేస్తారు? అందుకని వేరుశనగను 105 రకాలుగా వండుకునే పద్ధతులతో 1916లో చిన్న పుస్తకం అచ్చేసి పంచాడు. రైతులు బడికి రాలేరు కాబట్టి గుర్రపు బండి మీద పనిముట్లు, విత్తనాలు పెట్టి బడినే పొలాలకు పంపించాడు. పీనట్ బటర్ కనిపెట్టింది ఈయనే అని చాలాచోట్ల రాస్తారు, అది మాత్రం తప్పు.

టస్కీగీలో ఆయన పేరిట మ్యూజియం ఉంది. 1881లో బుకర్ టి. వాషింగ్టన్ మొదలుపెట్టిన ఆ క్యాంపస్‌లో పాత భవనాలకు ఇటుకలు కాల్చింది విద్యార్థులే. అదే ఊరి పేరు మీద ఒక మచ్చా ఉంది. 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ ఆరోగ్య శాఖ సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులకు కావాలనే వైద్యం చేయకుండా, జబ్బు ఎలా ముదురుతుందో గమనిస్తూ కూర్చుంది. మందులు వేయించుకోవడానికి ఇక్కడి పెద్దవాళ్లు కొందరు ఇప్పటికీ ఎందుకు జంకుతారో అది తెలిస్తే అర్థమవుతుంది.

హంట్స్‌విల్ రాకెట్ సెంటర్‌కు ఒక పూట చాలా?

పిల్లలుంటే చాలదు. పొద్దున తలుపులు తీసేసరికి వెళ్లి సాయంత్రం దాకా ఉండేలా చూసుకోండి.

1950లో ఈ ఊరి జనాభా 16,000. నీటికుంటల్లో పెంచే వాటర్‌క్రెస్ ఆకుకూరకు పేరున్న పల్లెటూరి బాపతు పట్నం. ఆ ఏడు వెర్నర్ వాన్ బ్రాన్ వంద మందికి పైగా జర్మన్ ఇంజినీర్లతో టెక్సాస్ నుంచి ఇక్కడికి మకాం మార్చాడు. 1960లో నాసా మార్షల్ సెంటర్ వచ్చింది. మనుషుల్ని చంద్రుడి దాకా మోసిన సాటర్న్ 5 రాకెట్‌ను రూపొందించింది ఇక్కడే. 2020 జనాభా లెక్కల్లో బర్మింగ్‌హామ్‌ను దాటి హంట్స్‌విల్ రాష్ట్రంలో అతి పెద్ద నగరమైంది. అపార్ట్‌మెంట్లలో తెలుగు వినిపించడానికి కారణం కూడా ఆ రాకెట్ల చుట్టూ పెరిగిన కంపెనీలే.

రాకెట్ సెంటర్‌లోని డేవిడ్‌సన్ సెంటర్ హాల్లో అసలైన సాటర్న్ 5 పడుకోబెట్టి ఉంటుంది. 363 అడుగుల పొడవు. ప్రపంచంలో మిగిలినవి మూడే. మిగతా రెండూ ఫ్లోరిడాలో, హ్యూస్టన్‌లో ఉన్నాయి. హంట్స్‌విల్‌ది ఎగిరే కోవలోది కాదు. ప్రయోగంలో వచ్చే కుదుపులకు తట్టుకుంటుందా లేదా అని నిలబెట్టి ఊపి ఊపి పరీక్షించిన రాకెట్. దాని కింద తోక వైపు నుంచి నడుచుకుంటూ వెళ్లండి. అయిదు ఇంజిన్ల మూతులు, ఒక్కోదాంట్లో మనిషి నిలబడేంత. ముక్కు దగ్గరికి చేరేసరికి ముగ్గురు మనుషులు కూర్చునే గది చిన్న డబ్బాలా కనిపిస్తుంది.

వాన్ బ్రాన్ పేరు ఊరంతా ఉంటుంది. ఆయన అంతకుముందు హిట్లర్ కోసం చేసిన వీ-2 రాకెట్లను నిర్బంధ శిబిరాల ఖైదీలతో తయారుచేయించారన్నదీ, ఆ చాకిరీలో వేలమంది చనిపోయారన్నదీ తెలుసుకుని వెళితే ఆ పేరు వేరేలా వినిపిస్తుంది. పెద్ద పిల్లలతో ఈ మాట దాచకుండా మాట్లాడటమే మంచిదని నా ఉద్దేశం.

గుమ్మం దగ్గర మిస్ బేకర్ సమాధిని దాటిపోకండి. పెరూలో పుట్టిన బుల్లి కోతి. 1959 మే 28న ఏబుల్ అనే ఇంకో కోతితో పాటు జూపిటర్ రాకెట్ ముక్కులో కూర్చుని దాదాపు 300 మైళ్ల ఎత్తుకు వెళ్లి ప్రాణాలతో తిరిగొచ్చింది. ఆపైన 25 ఏళ్లు బతికి 1984లో పోయింది. వచ్చినవాళ్లు రాతి మీద అరటిపండు పెట్టి వెళ్తారు. మీరూ ఒకటి తెచ్చుకోండి.

స్పేస్ క్యాంప్ (1982 నుంచి నడుస్తోంది) వారం రోజులది, ఖరీదైనదే. దానికి నెలల ముందే బుక్ చేసుకోవాలి.

టెనెసీ సరిహద్దులో రోడ్డు పక్కన నిలబెట్టిన రాకెట్ ఎక్కడ? ఎంత వెతికినా కనిపించలేదు.

ఐ-65 మీద ఆర్డ్‌మోర్ దగ్గర 1979 నుంచి ఉన్న సాటర్న్ 1బీ గురించేగా. తుప్పు పట్టి, బాగుచేయడానికి వీల్లేని స్థితికి వచ్చిందని 2023లో విప్పేశారు. పాత ఫొటోలు చూసి వెళ్లకండి.

మాంట్‌గోమరీకి చిన్నపిల్లల్ని తీసుకెళ్లవచ్చా?

రోజా పార్క్స్ మ్యూజియంకు నిస్సందేహంగా. 1955 డిసెంబర్ 1న ఆమె బస్సులో తెల్లవాళ్ల కోసం సీటు ఖాళీ చేయనన్న చోటే కట్టారు. తర్వాత 381 రోజులు నల్లజాతివాళ్లు బస్సెక్కకుండా నడిచి పనులకు వెళ్లారు. ఆ ఉద్యమాన్ని నడిపిన 26 ఏళ్ల పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్ అప్పటికి డెక్స్‌టర్ అవెన్యూ చర్చికి వచ్చి ఏడాదే అయింది. ఎర్ర ఇటుకల చిన్న చర్చి, రాష్ట్ర శాసనసభ భవనానికి కూతవేటు దూరం. ఆ చర్చిలో పనిచేస్తున్న కాలంలోనే 1959లో ఆయన గాంధీ దేశం చూడాలని ఇండియా వచ్చి నెలరోజులు తిరిగాడు. చర్చి గడప దగ్గర నిలబడి చూస్తే, 1861లో బానిసత్వం కోసం విడిపోయిన రాష్ట్రాలు తొలి రాజధానిగా ఎంచుకున్న ఆ శాసనసభ మెట్లు ఎదురుగా కనిపిస్తాయి.

ఊరికి ఒక అంచున గుట్ట మీద ఉన్న శాంతి న్యాయ స్మారకం మాత్రం పదేళ్ల లోపు పిల్లలకు బరువే. 2018లో తెరిచారు. 1877 నుంచి 1950 దాకా మూకలు చంపిన 4,400 మందికి పైగా నల్లజాతివాళ్ల స్మృతి అది. ఆరడుగుల ఇనుప దిమ్మెలు 800కు పైగా ఉంటాయి. ఒక్కో దిమ్మె ఒక్కో కౌంటీది. చనిపోయినవాళ్ల పేర్లు, తేదీలు దాని మీద చెక్కి ఉంటాయి. మొదట్లో అవి మన ఎదుట, కళ్ల ఎత్తులో ఉంటాయి. నడుస్తున్నకొద్దీ మన కాళ్ల కింద నేల దిగిపోతుంది, దిమ్మెలు అక్కడే ఉండిపోతాయి. కాసేపటికి అవన్నీ తల మీద వేలాడుతుంటాయి. తల ఎత్తితే గానీ పేర్లు చదవలేం. ఎందుకలా కట్టారో ఎవరూ వివరించనక్కర్లేదు. పేరు తెలియనివాళ్లకు చాలాచోట్ల ‘తెలియదు’ అని ఉంటుంది. బయట అవే దిమ్మెల నకళ్లు వరసగా పడుకోబెట్టి ఉంటాయి, ఆయా కౌంటీలవాళ్లు వచ్చి తమ ఊళ్లో నిలబెట్టుకోవడానికి.

ఊళ్లో ఉన్న లెగసీ మ్యూజియంలో హత్యలు జరిగిన చోట్ల నుంచి తెచ్చిన మట్టిని గాజు సీసాల్లో పెట్టారు. అరలనిండా సీసాలు. ఎర్రమట్టి, నల్లరేగడి, ఇసుక. మట్టిరంగు గుర్తుపట్టగలిగిన రైతు కుటుంబాలవాళ్లు అక్కడ కాసేపు ఆగిపోతారు. ఈ రెండింటినీ ఒకే రోజు పెట్టుకుంటే ఆ సాయంత్రం ఇంకేమీ పెట్టుకోకండి.

సెల్మాలో వంతెన తప్ప ఏముంది?

వంతెనే. దాన్ని కారులో దాటితే ఏమీ తెలియదు, నడవండి. ఎడ్మండ్ పెటస్ వంతెన మధ్యలో ఎత్తుగా వంగి ఉంటుంది. ఊరివైపు నుంచి ఎక్కేవాళ్లకు అవతలి గట్టు కనబడదు. 1965 మార్చి 7న ఓటు హక్కు కోసం బయలుదేరిన 600 మందికి ఆ నడిమి ఎత్తుకు చేరాకే కింద లాఠీలతో నిలబడ్డ పోలీసులు కనిపించారు. రెండు వారాల తర్వాత మళ్లీ బయలుదేరి 54 మైళ్లు నడిచి మాంట్‌గోమరీ చేరారు. ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది. వంతెనకు ఇప్పటికీ బానిసత్వం వైపు పోరాడిన సేనాని పేరే ఉంది. పేరు మార్చాలా వద్దా అన్నది ఇక్కడ తెగని వాదన.

పోయిన సూట్‌కేసులు అమ్మే దుకాణం సంగతేమిటి? చవగ్గా ఉంటాయా?

స్కాట్స్‌బరోలో ఉంది, హంట్స్‌విల్ నుంచి గంట లోపే. 1970లో మొదలైంది. ఎంత వెతికినా యజమాని దొరకని విమానాల సామాన్లను ఎయిర్‌లైన్ల దగ్గర కొని, బట్టలు ఉతికి, ఫోన్లలో సమాచారం చెరిపేసి అమ్ముతారు. ఒకప్పుడు వచ్చినంత చవక ఇప్పుడు లేదు. చలికోట్లు, హెడ్‌ఫోన్లు కొనేవాళ్లకు గిట్టుబాటు అవుతుంది. పట్టుచీర కనిపిస్తే మాత్రం మనసు కలుక్కుమంటుంది, ఎవరి పెళ్లికి తెచ్చుకుందో పాపం. ఇక దారితప్పిన మన పచ్చళ్ల పెట్టెలు ఏమవుతాయో అని ప్రతివాళ్లూ అడుగుతారు. అల్మారాల్లో అయితే ఎప్పుడూ కనపడలేదు. ఆదివారం దుకాణం మూసేస్తారు.

అదే ఊళ్లో 1931లో చేయని నేరానికి తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్లను ఇరికించిన కేసు మీద చిన్న మ్యూజియం ఉంది. షాపింగ్‌కు వచ్చినవాళ్లలో ఎందరు అటు వెళ్తారో అనుమానమే.

బర్మింగ్‌హామ్ కొండ మీద ప్యాంటు లేని విగ్రహం ఎవరిది?

వల్కన్, రోమన్ల అగ్నిదేవుడు, కమ్మరి. 56 అడుగుల పోత ఇనుము విగ్రహం, ఆ లోహంలో ప్రపంచంలో దీన్ని మించింది లేదు. ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి మూడూ పక్కపక్కనే దొరకడం వల్ల 1871లో పుట్టిన ఊరు ఇది. ఊరి సత్తా చాటుకోవడానికి 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనకు ఈ విగ్రహాన్ని పంపారు. ముందు కమ్మరి తోలుబట్ట ఉంటుంది, వెనక ఏమీ ఉండదు. వెనకవైపున్న హోమ్‌వుడ్ వాసులకు దశాబ్దాలుగా ఆ దర్శనమే. ఫొటోలు ముందు నుంచే తీసుకోమని పెద్దవాళ్లకు ముందే చెప్పండి. కింద స్లాస్ కొలిమి మ్యూజియం కూడా చూస్తే ఇనుము ఎలా పోశారో తెలుస్తుంది.

16వ వీధి చర్చి కూడా ఈ ఊళ్లోనే. 1963 సెప్టెంబర్ 15 ఆదివారం ఉదయం బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయిన చోటు. ఎదురుగానే పౌరహక్కుల సంస్థ మ్యూజియం ఉంది.

సముద్రం దగ్గర జూబిలీ అంటున్నారు. పండగా?

పండగ కాదు, కానీ ఊళ్లో అలాగే జరుపుకుంటారు. మోబీల్ అఖాతం తూర్పు గట్టున, డాఫ్నీ, ఫెయిర్‌హోప్ ఊళ్ల దగ్గర, వేసవిలో కొన్ని రాత్రులు తెల్లవారుజామున పీతలు, రొయ్యలు, నేలబారు చేపలు గుంపులు గుంపులుగా ఒడ్డుకు వచ్చేస్తాయి. అడుగునున్న నీళ్లలో ఆక్సిజన్ అయిపోతుంది. తూర్పు నుంచి మెల్లగా వీచే గాలి పైనీళ్లను అవతలికి నెడితే, పోటుతో కలిసి ఆ ఊపిరాడని నీరు గట్టువైపు పాకుతుంది. దాని ముందు పరుగెత్తిన జీవాలు మోకాలి లోతు నీళ్లలో సొమ్మసిల్లి పడి ఉంటాయి. పీతలు పారిపోవడం మానేసి రేవు గుంజలు పట్టుకుని ఎక్కుతుంటాయి. ముందు చూసినవాళ్లు గంట కొట్టో ఫోన్ చేసో ఇరుగుపొరుగును లేపుతారు. నైట్‌డ్రెస్సుల్లోనే తొట్లు పట్టుకుని జనం నీళ్లలోకి దిగుతారు. సూర్యుడెక్కితే అంతా మామూలే. ఏ రాత్రి వస్తుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు కాబట్టి దీనికోసం హోటల్ బుక్ చేసుకోకండి.

గల్ఫ్ షోర్స్ బీచ్ ఇసుక పంచదారలా తెల్లగా ఉంటుంది, అపలాచియన్ కొండల నుంచి నదులు మోసుకొచ్చిన స్ఫటిక ఇసుక. మోబీల్‌లో మార్డిగ్రా పండగ వేడుకలు 1703 నాటివి, అప్పటికి న్యూ ఆర్లియన్స్ ఊరే పుట్టలేదు. ఈ మాట అక్కడ ఎవరిని కదిపినా చెబుతారు.

మోబీల్ వెళితే ఆఫ్రికాటౌన్ కూడా. బానిసల దిగుమతి నేరమైన అరశతాబ్దం తర్వాత, 1860లో, పందెం కోసం 110 మందిని దొంగచాటుగా తెచ్చిన క్లోటిల్డా ఓడను తగలబెట్టి ముంచేశారు. ఆ శిథిలం ఇదేనని 2019లో తేలింది. ఆ మనుషులు విడుదలయ్యాక కట్టుకున్న పేట ఇది, వాళ్ల వారసులు ఇంకా అక్కడే ఉన్నారు.

అమ్మకు కుట్టుపనంటే ఇష్టం. ఆవిడకు చూపించదగ్గది?

గీస్ బెండ్ బొంతలు. అలబామా నది మూడు వైపులా చుట్టిన పల్లెలో నల్లజాతి స్త్రీలు చిరిగిన పనిబట్టలు, పిండిసంచులు ముక్కలుగా కత్తిరించి చలికి కప్పుకోవడానికి కుట్టుకున్నవి. నమూనా కాగితం ఉండదు, చేతికి తోచినట్టు కుట్టుకుపోతారు. 2002 నుంచి పెద్ద పెద్ద మ్యూజియంల గోడలెక్కాయి, తపాలా బిళ్లల మీదకూ వచ్చాయి. మోకాలి దగ్గర వెలిసిపోయిన జీన్స్ గుడ్డ, జేబు ఊడదీసిన చోట ముదురుగా మిగిలిన నీలం చదరం, అమ్మలు వాటిని వేలితో తడిమి మరీ చూస్తారు. ఓటర్లుగా నమోదు కావడానికి నది దాటకుండా 1962లో ఈ పల్లెకు పడవ ఆపేశారు. మళ్లీ వచ్చింది 2006లో.

శాకాహారులం. తిండికి ఇబ్బందా?

మాంసం ఒకటి, కూరలు మూడు చొప్పున వడ్డించే హోటళ్లు ఊరూరా ఉంటాయి. అక్కడ కూరలు మాత్రమే ఉన్న ప్లేటు అడగవచ్చు. బెండకాయ వేపుడు, పచ్చి టమాటా వేపుడు, మొక్కజొన్న రవ్వ గ్రిట్స్ మనకు సరిపోతాయి. కానీ ఆకుకూరలు, చిక్కుళ్లు చాలాచోట్ల పంది మాంసం ముక్క వేసే ఉడికిస్తారు. చూస్తే తెలియదు, అడిగి తీరాలి. మాంసాహారులు డికేటర్‌లో 1925 నుంచి చేస్తున్న తెల్ల సాస్ కోడి తినాలి. మయొనేజ్, వెనిగర్, మిరియాలు. వినడానికి ఎబ్బెట్టుగా ఉన్నా రుచి బాగుంటుంది.

ఫుట్‌బాల్‌లో ఏ జట్టు వైపు ఉండాలి?

మీ పిల్లలు చదివే కాలేజీ వైపు. పెళ్లిచూపుల్లో కులం అడిగినట్టు ఇక్కడ అలబామానా ఆబర్నా అని అడుగుతారు. నవంబర్ చివర వాళ్లిద్దరి మ్యాచ్ రోజున దుకాణాలు ఖాళీగా ఉంటాయి, సామాన్లు తెచ్చుకోవడానికి అంతకు మించిన రోజు లేదు.

ఎప్పుడు రావాలి? ఎన్ని రోజులు?

మార్చి చివర నుంచి మే మొదటి వారం దాకా, లేదా అక్టోబర్. వేసవి ఉక్కపోత విజయవాడవాళ్లకు కొత్తకాదు గానీ బయట తిరగలేరు. వసంతంలో టోర్నడోల భయం ఉంటుంది. 2011 ఏప్రిల్ 27న ఒక్కరోజే రాష్ట్రంలో 62 వచ్చాయి. హెచ్చరికలు కౌంటీ పేరుతో ఇస్తారు కాబట్టి బస చేసిన కౌంటీ పేరు గుర్తుపెట్టుకోండి. సైరన్ మోగితే కిటికీలు లేని లోపలి గదిలోకి, వీలైతే కింది అంతస్తుకు వెళ్లండి.

హంట్స్‌విల్ నుంచి బర్మింగ్‌హామ్ 100 మైళ్లు, అక్కడి నుంచి మాంట్‌గోమరీ 90, అక్కడి నుంచి మోబీల్ 170. నాలుగు రోజులైతే హడావిడి, ఆరైతే హాయి. గుడికి వెళ్లాలనుకుంటే బర్మింగ్‌హామ్ పక్కన పెల్హమ్‌లో ఉంది. అట్లాంటా నుంచి వచ్చేవాళ్లకు సరిహద్దు దాటగానే గడియారం గంట వెనక్కి వెళ్తుంది, తిరుగు ప్రయాణంలో ఫ్లైట్ ఉంటే ఆ గంట కలుపుకుని బయలుదేరండి.